మిత్సుయో గారు పెంచిన నాడులు

మా సంస్థలో పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి కణాలకు తిండి పెట్టేది మిత్సుయో గారు. ఇంటిపేరు నిషిగాకి. కానీ ఆ పేరుతో పిలిస్తే ఈ తకయామా లోయలో సగం మంది వెనక్కి తిరిగి చూస్తారు. అందుకని అందరం పేరు పెట్టే పిలుస్తాం. అరవై దాటిన మనిషి, పొట్టి. తెల్లకోటు మోకాళ్ళ కిందికి జారుతుంది. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు కాబట్టి కింద ఒక ఖాళీ పెట్టె వేసుకుంటారు. ఆ పెట్టె ఎవరైనా పక్కకి జరిపారంటే ఆ పూటంతా వాళ్ళతో మాట్లాడరు.

మేం చేసే పని ఇది. మనిషి రక్తంలోంచి తీసిన కణాల్ని వెనక్కి నడిపించి, ఏ అవయవంగానైనా ఎదగగల మూలకణాలుగా చేస్తాం. వాటిని మళ్ళీ ముందుకి నడిపించి, చర్మం కింద ఉండి వేడినీ చలినీ, గరుకునీ నునుపునీ, నొప్పినీ దురదనీ కనిపెట్టే నాడీకణాలుగా పెంచుతాం. చెప్పడానికి రెండు వాక్యాలే. పెంచేవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. మొదట్లో బుద్ధిగా ఉంటాయి. తరవాత నెలల తరబడి ఏడిపిస్తాయి. గుంపులు గుంపులుగా చేరి, ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి దారాలు సాగదీసుకుంటాయి. తిండి పెట్టడానికి పాత ద్రవం తీసి కొత్తది పోసేటప్పుడు చెయ్యి కాస్త తొందరపడిందా, మొత్తం పాల మీద మీగడలా లేచి వచ్చేస్తుంది. ఆ తరవాత తొట్టిలో పారబొయ్యడం తప్ప చెయ్యగలిగింది లేదు. నేను అలా పారబోసినవి చాలానే ఉన్నాయి. మిత్సుయో గారి చేతిలోనూ లేచిపోయేవి. కాకపోతే ఆవిడ పారబోసే ముందు వాటికి తల వంచి క్షమించమని చెప్పేవారు. నేను తిట్టేదాన్ని.

పెరిగినవి నిజంగా నొప్పిని పట్టే నాడులో కావో చూడాలంటే ఒక చుక్క మిరప ఘాటు వేస్తాం. నొప్పి నాడులైతే మైక్రోస్కోపు కింద ఒక్కసారిగా వెలుగుతాయి. ఆ పరీక్ష చేసిన రోజల్లా మిత్సుయో గారు నా అన్నం డబ్బా వైపు చూసి, "మీ ఊరివాళ్ళ రక్తంతో చేస్తే ఒక్కటీ ఉలకదేమో అమ్మాయ్" అనేవారు. నేను ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, నాకూ నలభై ఎనిమిదేళ్ళు. అయినా ఆవిడకి నేను అమ్మాయినే.

ఆవిడ పుట్టింది ఇక్కడికి కాస్త దూరంలో ఉన్న కోరియామాలో. అక్కడ వాళ్ళ నాన్నకి ఎర్రచేపల చెరువులు ఉండేవి. గాజు తొట్లలో పెంచుకునే చేపలవి. చిన్నప్పుడు బడి నుంచి రాగానే, తోక వంకర ఉన్న చేపపిల్లల్ని ఏరి పక్కన వెయ్యడం ఆవిడ పని. పెళ్ళి సంబంధం చూసినవాళ్ళు ఆ ఓపిక చూసే ఈ లోయలో కవ్వాలు చేసే ఇంటికి కుదిర్చారు. పచ్చటి టీ పొడిని వేడినీళ్ళలో నురగ వచ్చేలా చిలికే వెదురు కవ్వాలు ఈ లోయవాళ్ళ వృత్తి. ఒక్క వెదురు ముక్కని చివర చీల్చి, మళ్ళీ చీల్చి, వెంట్రుకల్లాంటి ఈనెలు చేస్తారు. చీల్చడం, చెక్కడం మగవాళ్ళ పని. ఈనెల మధ్య నల్ల దారం అల్లడం ఆడవాళ్ళ పని. మిత్సుయో గారి అత్తగారు దారం నేర్పిస్తూ మొదటి రోజే చెప్పిందట, ఈ ఇంట్లో కోడళ్ళు కత్తి ముట్టరు అని. ఎందుకని అడగలేదా అంటే, "అడిగితే చెప్తుందా ఏమిటి ఆవిడ" అన్నారు.

భర్త పేరు తమోత్సు. పిల్లలు లేరు. నేను చాలాసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర చాప మీద కూర్చుని, వేడినీళ్ళలో నానిన వెదురుని కత్తికి ఆనించి ఒక్కొక్క ఈనెనీ చెక్కేవారు. చూపు ఎక్కడో బయట పొలం మీద ఉండేది. ఈనె పలచబడిందో లేదో కంటికి తెలియదట, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యే తెలుస్తుందట. మంచి మనిషే, కానీ నాలుగు మాటలు రాబట్టాలంటే నాలుగుసార్లు వెళ్ళాలి. నాకేమో మాటలు దాచుకునే మనుషులంటే ఒళ్ళుమంట. నా ఖర్మ కొద్దీ అలాంటివాళ్ళ మధ్యనే బతుకుతున్నాను.

బయటి దేశం నుంచి చవక కవ్వాలు వచ్చి బేరాలు తగ్గినప్పుడు మిత్సుయో గారు కొండ మీద ఉన్న మా సంస్థలో చేరారు. మా విభాగానికి పెద్ద ఇగరాషి గారు, ఇంతకు ముందు ఏం పని చేశారని అడిగితే, చేపపిల్లల్ని పెంచాను, దారం అల్లాను అని చెప్పారట. ఇగరాషి గారు నవ్వకుండా, ఈ ఉద్యోగంలో ఆ రెండే ఉన్నాయన్నారు. అప్పటి నుంచి వారంలో ఐదు రోజులు కొండ మీద కణాలు, మిగతా రెండు రోజులూ ఇంట్లో దారం.

ఒక ఏడాది వసంతంలో తమోత్సు గారి పెద్దపేగులో కణితి ఉందని తేలింది. కోసి తీసేశారు. ఏమైనా మిగిలి ఉంటుందేమోనని, చలికాలం వచ్చేదాకా మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తామన్నారు. ఆసుపత్రిలో డాక్టరు మందు పేరు చెప్పినప్పుడు మిత్సుయో గారికి అది కొత్త పేరు కాదు. ప్లాటినం లోహంతో తయారయ్యే ఆ మందు మా గది ఫ్రిజ్‌లో రెండో అరలో ఉంటుంది. ఆవిడ చేతులతోనే దాన్ని పలచన చేసి నాడీకణాల మీద వేస్తారు. ఆ మందు కణితిని చంపుతూ చంపుతూ వేళ్ళలోని నాడుల్ని కూడా పాడు చేస్తుంది. ఎంత వేస్తే ఎంత పాడవుతాయి, ఇంకో మందు తోడిస్తే కాపాడవచ్చా అన్నదే ఇగరాషి గారి పరిశోధన. మందు పడిన మూడో రోజుకి కణాల దారాలు పూసలు పూసలుగా ఉబ్బుతాయి, ఆ తరవాత తెగుతాయి. కొన్నేళ్ళుగా దాన్ని దగ్గరుండి చూసిన మనిషి, భర్త పక్కన కూర్చుని డాక్టరుకి తల ఊపి వచ్చేశారు.

"అక్కడే చెప్పొచ్చు కదా, ఆయన వేళ్ళతో బతికే మనిషి అని" అన్నాను నేను.

"ఆయన పక్కనుండగా నేనెలా చెప్తాను?" అన్నారు.

అదే ఈ ఊరి పద్ధతి. డాక్టరు ముందు రోగి మాట్లాడాలి, భార్య పక్కన సంచి పట్టుకుని కూర్చోవాలి. రోగి కూడా ఏం మాట్లాడతాడని! చేతులెలా ఉన్నాయని డాక్టరు అడిగితే ఫర్వాలేదంటాడు. ఈ లోయలో ఫర్వాలేదు అన్నారంటే ఇక అడగొద్దని. అంత పెద్దాయన మందు ఇస్తుంటే మనం బాగాలేదనడం మర్యాద కాదని ఒకటి. బాగాలేదంటే మందు ఆపేస్తారేమో, కణితి మళ్ళీ వస్తుందేమోనన్న భయం ఇంకొకటి. ఆ రెండోది ఆయన అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

మొదట్లో చలి ఒక్కటే. ఫ్రిజ్‌లోంచి చేపముక్క తియ్యాలంటే చేతికి తొడుగు వేసుకునేవారు. చల్లటి నీళ్ళు తాగితే గొంతులో సూదులు దిగినట్టుండేది. దాంతో ఎండాకాలమంతా వేడి టీ తాగారు. ఇవన్నీ వచ్చి పోయేవే. అసలు భయం, వచ్చి పోకుండా ఉండిపోయే మొద్దుబారడం. దాని మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆయన రోజూలాగే కిటికీ దగ్గర కూర్చుని చెక్కేవారు. చెక్కినవి పళ్ళెంలో పెట్టి మిత్సుయో గారి వైపు జరిపేవారు.

శరత్కాలం మొదట్లో ఒక శనివారం మిత్సుయో గారు దారం అల్లుతుంటే చేతికి తేడా తెలిసింది. కొన్ని ఈనెలు మందంగా ఉన్నాయి, కొన్ని మరీ పలచన. ముప్ఫై అయిదేళ్ళుగా ఆయన చెక్కిన వెదురు ముట్టుకుంటున్నారు, ఎప్పుడూ అలా లేదు. దారాన్ని కాస్త బిగించి, కాస్త వదిలి, వంకర కనపడకుండా అల్లేశారు. తరవాతి వారం దారంతో దాగలేదు. మందు ఎక్కించుకుని వచ్చిన రోజుల్లో ఆయన మధ్యాహ్నాలు నీరసంగా పడుకునేవారు. ఆ వేళలో ఆవిడ ఆయన కత్తి తీసి మందపు ఈనెల్ని తనే చెక్కారు. ఆ ఇంట్లో కోడలు కత్తి ముట్టడం అదే మొదలు. గొప్పగా ఏమీ రాలేదు గానీ అమ్ముడుపోయేలా వచ్చాయి.

తమోత్సు గారు లేచి, పూర్తయిన కవ్వాల్ని వెలుతురుకి ఎత్తి చూసుకునేవారు. బాగున్నాయి. వేళ్ళకి సరిగా తెలియకపోయినా చెయ్యి దానంతటదే పని చేసుకుపోతోందని అనుకున్నారు. డాక్టరు అడిగినప్పుడల్లా ఫర్వాలేదన్నారు. డాక్టరు మందు తగ్గించకుండా ఎక్కించారు.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, మా గదిలో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల. అక్టోబరులో ఒక పెద్ద పరీక్ష పెట్టాం. పళ్ళెంలో చిన్న చిన్న గుంటలు, ఒక్కొక్క దాంట్లో నాడీకణాలు, వరసగా పెంచుకుంటూ వెళ్ళిన మందు మోతాదు. ఎక్కువ మందు పడిన గుంటల్లో అన్నీ తెగిపోయి ఉండాలి. చూస్తే సగం బాగానే ఉన్నాయి. ఇగరాషి గారు రెండు రోజులు లెక్కలు చూసుకుని, మూడో రోజు మిత్సుయో గారి దగ్గరికి వచ్చారు. ఆయన ఎవర్నీ గట్టిగా అనే మనిషి కాదు. ఏదైనా తప్పు చెప్పాలంటే ముందు తనే క్షమించమని అడుగుతారు.

విషయం ఏమిటంటే, దారాలు ఉబ్బడం మొదలైన గుంటలు చూస్తే మిత్సుయో గారికి చెయ్యి ఆగలేదు. వాటికి సమయం కాకముందే కొత్త ద్రవం పోశారు. చనిపోయి తేలుతున్న కణాల్ని జాగ్రత్తగా తీసేసి శుభ్రం చేశారు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరికీ చెప్పలేదు. తోక వంకర చేపలతో ఒకప్పుడు అంత కఠినంగా ఉన్న మనిషి, ఈ పళ్ళెం దగ్గర మెత్తబడిపోయారు.

"క్షమించాలి మిత్సుయో గారూ" అన్నారు ఇగరాషి గారు. "మీ చేతుల్లో ఇవి మరీ బాగుంటున్నాయి. పాడవుతుంటే పాడవనివ్వండి. మీరు వాటిని సర్దేస్తే మందు ఎంత హాని చేస్తోందో నాకు కనపడదు. కనపడకపోతే ఇంకా ఎక్కువ వేస్తాను."

మిత్సుయో గారు లేచి నిలబడి నడుము వంచి క్షమాపణ చెప్పారు. ఇగరాషి గారూ వంగారు. ఆయన వెళ్ళిపోయాక ఆవిడ పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నారు. ఇంత చిన్న మాటకి ఇంత బాధ దేనికని నాకు విసుగొచ్చింది కూడా. ఆ పళ్ళెం మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సింది నేను మరి. భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని అడిగేశాను. అన్నం ముట్టకుండా డబ్బా మూత పెట్టేసి, ఈనెల సంగతి, దారం సంగతి, కత్తి సంగతి చెప్పారు. ఆ కత్తి సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గింది.

"ఆయన వేళ్ళు ఎంతగా పోతున్నాయో ఆయనకే తెలియనివ్వలేదమ్మాయ్ నేను" అన్నారు. "తెలిస్తే డాక్టరుకి చెప్పేవారేమో. చెప్తే మందు తగ్గించేవారేమో. నేను సర్దిన కొద్దీ ఆ మందు ఇంకా ఎక్కుతూనే ఉంది."

డాక్టరుకి ఫోన్ చేసి మీరే చెప్పెయ్యండి అన్నాను నేను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆయన చేతులు, ఆయనే చెప్పాలి, వెనకనుంచి నేను చెప్తే ఇంక ఆ కిటికీ దగ్గర ఎలా కూర్చుంటారు అన్నారు.

ఆ శనివారం ఆవిడ, ఆయన చెక్కినదాన్ని ఉన్నది ఉన్నట్టు అల్లారు. దారం ఎక్కడా బిగించలేదు, వదలలేదు, కత్తి ముట్టలేదు. ఈనెలు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, తల దువ్వుకోని పిల్లలా ఉందట ఆ కవ్వం. ఆయన ముందు పెట్టారు. ఆయన వెలుతురుకి ఎత్తి చూశారు. వేడినీళ్ళలో ముంచి, గిన్నెలో టీ పొడి వేసి చిలికారు. నురగ రాలేదు, గీతలు గీతలుగా నీళ్ళు మిగిలాయి.

"నీ చెయ్యి తప్పింది" అన్నారు.

"లేదండీ. మూడు వారాలుగా తప్పింది. ఇవాళ తప్పలేదు" అని, ఆవిడ చేసినదంతా చెప్పారు. కత్తి ముట్టిన సంగతి కూడా దాచలేదు. ఆయన గిన్నె కింద పెట్టి లేచి వెళ్ళిపోయారు. వారం రోజులు ఇంట్లో మాట లేదు. అంతకు ముందు మాత్రం ఏం పెద్ద మాటలున్నాయిలే అంటారేమో. మౌనంలోనూ తేడాలుంటాయని కాపురం చేసినవాళ్ళకి తెలుసు. చాప మీద కూర్చుని కత్తి పట్టుకుంటారట, చెక్కరట. డాక్టరుకి చెప్తారా అని ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పరని భయం. నాకు మాత్రం వెళ్ళి ఆయన్ని భుజం పట్టుకుని కుదపాలనిపించింది.

ఆకులు ఎర్రబడే రోజుల్లో మా సంస్థ ఒక ఆదివారం తలుపులు తెరిచి ఊరివాళ్ళని లోపలికి రానిస్తుంది. బయట కాల్చిన చిలగడదుంపలు, నూడుల్సు అమ్ముతారు, లోపల మేం మైక్రోస్కోపులు పెట్టి చూపిస్తాం. తమోత్సు గారికి రావాలని ఉండి కాదు, వాళ్ళ వీధి సంఘం మగవాళ్ళంతా కలిసి బయలుదేరితే తానొక్కడే ఆగిపోతే ఎందుకని అడుగుతారని వచ్చారు. వరసలో నిలబడి నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆరోగ్యంగా పెరిగిన నాడీకణాలు పెట్టి ఉన్నాయి. కన్ను ఆనించి చూసి, దారాలు బాగున్నాయన్నారు. దారం గురించి ఆయనకి తెలుసు కదా.

అప్పుడు మిత్సుయో గారు లోపలికి వెళ్ళి ఇంకో పళ్ళెం తెచ్చారు. అది జనానికి చూపించడానికి పెట్టింది కాదు. నేను అడ్డం చెప్పబోయి ఆగాను. ఆవిడ పళ్ళెం మార్చి, పక్కకి జరిగారు. ఆయన మళ్ళీ వంగి చూశారు. ఈసారి చాలాసేపు చూశారు. వెనకాల వరసలో వాళ్ళు దగ్గుతున్నారు.

"తెగిపోయాయే" అన్నారు తల ఎత్తకుండా. "ఏం చేశారు వీటికి?"

"మీకెక్కిస్తున్న మందే" అన్నారు మిత్సుయో గారు.

ఆయన తల ఎత్తి నావైపు చూశారు. "వీటికి నొప్పి తెలుస్తుందా?"

నొప్పి అనిపించాలంటే మెదడు ఉండాలి, ఇవి కబురు పంపేవే కానీ ఆ కబురు అందుకునేవాళ్ళు ఇక్కడ లేరు అని చెప్పాను. నాకు అలవాటైన జవాబు, వచ్చినవాళ్ళంతా అదే అడుగుతారు.

"తెలిసినా చెప్పడానికి వాటికి నోరేదీ" అన్నారు మిత్సుయో గారు.

తమోత్సు గారు బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకున్నారు. "నాకుంది" అన్నారు. అని వెనకవాళ్ళకి చోటిచ్చి, బయటికి వెళ్ళి, సంఘంవాళ్ళతో కలిసి నూడుల్సు తిన్నారు.

ఆ వారంలోనే ఆసుపత్రి. డాక్టరు కంప్యూటరులో రక్తపరీక్షలు చూసుకుంటూ, చేతులెలా ఉన్నాయని ఎప్పటిలాగే అడిగారట. తమోత్సు గారు ఎప్పటిలాగే నోరు తెరిచారట. అంతలో ఆగి, రెండు చేతులూ డాక్టరు బల్ల మీద పెట్టారు.

"తెలియడం లేదండీ" అన్నారు. "బొత్తాం పెట్టుకోలేను. చిల్లర ఏరుకోలేను. వెదురు మందమో పలచనో తెలియడం లేదు. ఆగస్టు నుంచి."

మిత్సుయో గారు సంచి పట్టుకుని పక్కనే కూర్చుని ఉన్నారు. ఆగస్టు అనేసరికి ఆవిడ మనసులో నెలలు లెక్కపెట్టుకున్నారట. తను కనిపెట్టింది సెప్టెంబరు చివర. అంటే ఆ ముందు చెక్కినవన్నీ ఆయన భయంతో, చేతికి తెలియకుండానే, పాత అలవాటు మీద నెట్టుకొచ్చినవి. ఆ ముందు తనకి తెలియలేదే అన్నదే ఇప్పటికీ ఆవిడ బాధ.

డాక్టరు కుర్చీ తిప్పి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే పట్టి చూశారు. ముందే చెప్పాల్సిందన్నారు, కోపంగా కాదు. ఆ మందు ఆపేసి, తోడుగా ఇస్తున్న మాత్రలు మాత్రం కొనసాగిద్దామన్నారు. కణితి తిరిగి రాదని మాటివ్వలేనని, వేళ్ళు తిరిగి వస్తాయని కూడా మాటివ్వలేనని చెప్పారు. మందు ఆపాక కూడా కొన్ని నెలలు ఇంకా దిగజారుతుంది, కంగారు పడకండి అన్నారు. కంగారు పడొద్దని చెప్పడం డాక్టర్లకి సులువు.

నిజంగానే దిగజారింది. వరి కోసేసిన మళ్ళలో వెదుళ్ళు గుడిసెల్లా నిలబెట్టి ఎండబెట్టే కాలంలో, ఈ లోయలో ప్రతి ఇంటి మగవాడూ పొలంలో ఉంటాడు. తమోత్సు గారు గట్టు మీద నిలబడి చూసేవారు. వెదురు ఆయన చేతుల్లోంచి జారిపోతోందని మిగతావాళ్ళు ఆయన్ని పనిలోకి పిలవడం మానేశారు. ఒకరోజు పొయ్యి మీది కెటిల్ పట్టుకుని పక్కింటాయనతో మాట్లాడుతూ నిలబడ్డారట. మిత్సుయో గారు పరుగెత్తుకెళ్ళి లాగేసరికి అరచెయ్యి కాలి ఉంది. ఆయనకి తెలియలేదు. ఆ రోజు ఆవిడ పనిలోకి వచ్చి, కణాలకి తిండి పెట్టి, గది మూల నా వైపు వీపు పెట్టి ఏడ్చారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. నేనూ ఏడ్చాను, దాచుకోవడం నాకు రాదు.

అయినా ఒక మార్పు వచ్చింది. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఇవాళ చిటికెనవేలు కూడా పోయింది, ఇవాళ అరికాలు చాప మీద ఆనినట్టు లేదు, ఇవాళ కొంచెం చీమలు పాకినట్టుంది అని. పొద్దున టీ తాగుతూ, వాన వస్తుందా అన్నంత మామూలుగా చెప్పేవారు. మిత్సుయో గారు సరే అనేవారు. ఆవిడ ఏదీ సర్దేవారు కాదు. బొత్తాలు పెట్టమని ఆయన అడిగితే పెట్టేవారు, అడక్కపోతే ఆయన తంటాలు పడుతుంటే పక్కన కూర్చునేవారు. అది చూడటం ఎంత కష్టమో నాకు చెప్పేవారు. ఇక్కడ మా గదిలో కూడా అంతే. పాడవుతున్న గుంటల్ని పాడవనిచ్చేవారు. ఇగరాషి గారి లెక్కలు సరిగ్గా వచ్చాయి. కాపాడుతుందేమో అనుకున్న మందుల్లో ఒకటి కాస్త కాపాడింది కూడా. అది మనుషుల దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు, తమోత్సు గారికి అందేది మాత్రం కాదు.

వసంతంలో తీసిన స్కాన్‌లో కణితి జాడ లేదు. వేళ్ళలో చీమలు పాకడం ఎక్కువైంది. డాక్టరు అది మంచిదే కావచ్చన్నారు. కావచ్చు అన్న మాట మీద ఎంతమంది రోజులు గడుపుతారో ఈ లోకంలో. ఆయన మళ్ళీ చాప మీద కూర్చున్నారు. సన్నవి కాదు, చిక్కటి టీకి వాడే లావు ఈనెల కవ్వాలకి వెదురు చీల్చడం మొదలుపెట్టారు. చాలావరకు పొయ్యిలోకే వెళ్ళేవి.

వానలు మొదలయ్యే ముందు ఒక సోమవారం మిత్సుయో గారు పనికి రాలేదు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. కణాలకి తిండి నేనే పెట్టాను, ఒక పళ్ళెం లేచిపోయింది కూడా, తిట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఆవిడ ఆలస్యమైంది లేదు. నాకు ఆసుపత్రి తప్ప ఇంకేమీ తోచలేదు. ఫోన్ తియ్యబోతుంటే లోపలికి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోటు వేసుకోకుండా పెట్టె మీదే కూర్చుండిపోయారు.

"ఏమైంది?" అన్నాను.

"బయలుదేరబోతుంటే కిటికీ దగ్గర నుంచి పిలిచారు" అన్నారు. "మిత్సుయో, వెదురు ముల్లు దిగింది, నొప్పిగా ఉంది అన్నారు. ఏ వేలికి అని అడిగితే చూపుడువేలు అన్నారు. చాలా నొప్పిగా ఉందా అంటే, చాలా ఉందే, చూస్తూ కూర్చున్నావేం, తియ్యి అన్నారు."

ఆవిడ చేతిలోని సంచి కింద పెట్టారు.

"పట్టకారు నా చేతిలోనే ఉందమ్మాయ్. తియ్యబుద్ధి కాలేదు. ఎక్కడ, ఎంత అని మళ్ళీ మళ్ళీ ఆయన చేత చెప్పించుకుంటూ కూర్చున్నాను. ఈలోపల బస్సు వెళ్ళిపోయింది."